పాత వేవ్‌లు (శాంపిల్స్, అంటే రికార్డు చేసిన శబ్దం ఫైళ్లు) తీసేస్తే కిట్లు మూగబోయినయ్. శాంపిల్స్ మీరంతా ఎట్ల దాచుకుంటున్నరు?

ఖమ్మం ప్యాడ్స్ · శుక్రవారం రాత్రి 11:42

అన్నలకు నమస్తే. నేను ఆర్కెస్ట్రాల ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్స్ వాయిస్తా. చాన ఏండ్లు ఎస్పీడీ-20 మీద లాగి, మూడేండ్ల కింద సెకండ్ హ్యాండ్ల రోలాండ్ ఎస్పీడీ-ఎస్ఎక్స్ కొన్న. లోపల 2 జీబీ మెమరీ ఉన్న పాత మోడల్.

నిన్న కొత్త పాట ట్రాక్ ఎక్కిద్దామంటే జాగ లేదన్నది. సరే, ఇల్లు సర్దినట్టు సర్దుదామని కూసున్న. వేవ్ లిస్టుల పేరు చూసి నేను గుర్తుపట్టనియన్నీ తీసేసుకుంట పోయిన. "రెక్ 014", "న్యూ 3", "ఆడియో 2"... అన్నీ గిసొంటి పేర్లే. ఓ 200 దాక పోయినయ్. అయినా జాగ రాలే, అది వేరే బాధ.

ఇయ్యాల రిహార్సల్ల అసలు సంగతి బయటపడ్డది. బతుకమ్మ కిట్‌ల మూడు ప్యాడ్లు కొడితే చప్పుడు లేదు. తీన్‌మార్ కిట్‌ల డప్పే లేదు! లెక్క పెడితే 11 కిట్లు దెబ్బతిన్నయ్. కిట్ పేరు ఉంది, ప్యాడ్ లైటు వెలుగుతది, సౌండ్ మాత్రం రాదు. ఆదివారం రాత్రి రిసెప్షన్ ప్రోగ్రాం ఉంది. బరాత్‌ల మాదే వాయింపు.

పోయిన దసరాకు పెన్‌డ్రైవ్‌ల సేవ్ ఆల్ కొట్టిన గుర్తు. అది లోడ్ కొడితే అయిపోతదా? దసరా తర్వాత కొత్తగ 4 కిట్లు చేసిన, అవి పోవొద్దు.

డాలస్ బీట్స్ · శనివారం అర్ధరాత్రి 12:09

తమ్ముడూ, ఆగు. ఇప్పుడే లోడ్ ఆల్ కొట్టకు. అది కొడితే మెషీన్లో ఇప్పుడున్నదంతా చెరిగిపోయి దసరా నాటిది వచ్చి కూర్చుంటుంది. ఆ 4 కిట్లకీ నీళ్లొదులుకోవాలి.

ముందు చేయాల్సింది ఇది. దసరాది కాకుండా వేరే పెన్‌డ్రైవ్ పెట్టి, ఇప్పుడున్నది ఉన్నట్టు, మూగ కిట్లతో సహా సేవ్ ఆల్ చెయ్యి. తర్వాత దసరా పెన్‌డ్రైవ్‌ని ల్యాప్‌టాప్‌కి పెట్టి అందులో ఉన్న ఫోల్డర్‌ని మొత్తంగా కాపీ చేసుకో. లోపలి ఫోల్డర్ల పేర్లు మార్చకు, ఫైళ్లు సర్దకు. మొన్న నీకున్న సర్దుడు మూడ్ ఇక్కడ పనికిరాదు :)

ఇలా ఎందుకైందంటే, కిట్‌లో శబ్దం ఉండదు. కిట్ అంటే చిట్టా. ఒకటో ప్యాడ్‌కి ఫలానా నంబరు వేవ్, వాల్యూం ఇంత, ఏ ఔట్‌పుట్‌కి పోవాలి అని రాసిపెట్టుకున్న కాగితం. వేవ్‌లు వేరే కొట్టులో ఉంటాయి. నువ్వు కొట్టు ఖాళీ చేశావు, చిట్టా అలాగే ఉంది. అందుకే పేరుంది, లైటుంది, సౌండ్ లేదు.

గోదారి కీస్ · శనివారం ఉదయం 6:30

అయ్యో పాపం. ఎస్పీడీ-20లో ఈ గొడవే లేదండి. కంపెనీవాడిచ్చిన 700 శబ్దాలు, తీసేద్దామన్నా పోవు. పాతికేళ్లయినా పెళ్లిళ్లలో ఇంకా అదే కనపడుతోందంటే ఊరికే కాదు.

ఖమ్మం ప్యాడ్స్ · శనివారం ఉదయం 9:15

పెన్‌డ్రైవ్ దొరికింది! కేబుళ్ల పెట్టెల, డబుల్ టేపు కింద. ల్యాప్‌టాప్‌కు పెడితే తెరుచుకున్నది, ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకున్న. ఇప్పుడున్నది కూడ కొత్త పెన్‌డ్రైవ్‌ల సేవ్ ఆల్ కొట్టిన. దసరాది లోడ్ కొట్టి 4 కిట్లు మళ్ల చేసుకోవాల్నా, లేకపోతే ఇప్పుడున్నదాంట్లనే పోయిన వేవ్‌లు ఒక్కొక్కటి ఎక్కించి 11 కిట్లు బాగు చేసుకోవాల్నా?

పాత టేపు · శనివారం ఉదయం 10:02

లెక్క నువ్వే చెప్పావు కదా నాయనా. పదకొండు బాగు చేయడం కన్నా నాలుగు కట్టుకోవడం సుళువు. పైగా ఆ పదకొండింటిలో ఏ ప్యాడ్‌కి ఏ డప్పు పెట్టావో నీకే గుర్తులేదు. గుర్తుంటే తీసేసేవాడివే కాదు. నాలుగు కొత్త కిట్లు ఈమధ్యవే కాబట్టి చేతికింకా గుర్తుంటాయి.

లోడ్ కొట్టే ముందు ఫోను తీసుకుని ఆ నాలుగు కిట్లలో ఒక్కో ప్యాడ్ తెర ఫోటో తీసుకో. కిట్‌కి తొమ్మిది ప్యాడ్లు, నాలుగింటికి 36 ఫోటోలు. వేవ్ పేరు, వాల్యూం, లూప్ ఉందా, మ్యూట్ గ్రూప్ ఏది, ఇవి కనపడాలి. బయటి ట్రిగ్గర్ ప్యాడ్ తగిలిస్తే దానిదీ మరిచిపోకు. సబ్ వేవ్ (అదే ప్యాడ్ మీద రెండో శబ్దం) పెట్టి ఉంటే అదీ. తొంభై శాతం మంది సబ్ వేవ్ మరిచిపోయి, తర్వాత "సౌండ్ పల్చగా వస్తోందేంటి" అంటారు.

మీ రోజులే నయం. కోడంబాకంలో నేను మ్యూజిక్ ప్రోగ్రామింగ్ పని చేసేటప్పుడు మా దగ్గర అకాయ్ ఎంపీసీ-2000ఎక్స్ఎల్ శాంపిలర్ ఉండేది. దానిలో శాంపిల్స్ ఉండేది ర్యామ్‌లో. కరెంటు పోతే కథ కంచికి. ఇక మద్రాసు ఎండాకాలంలో కరెంటు సంగతి వేరే చెప్పాలా? మెమరీ 32 ఎంబీ దాకా పెంచుకోవచ్చు, దాచుకోవడానికి మాత్రం 1.44 ఎంబీ ఫ్లాపీ. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనోలో సెకనుకి 88,200 బైట్లు. అంటే ఫ్లాపీలో పట్టేది 16 సెకన్ల శబ్దం. మెమరీ నిండా ఉన్న సరుకు దింపాలంటే 23 ఫ్లాపీలు! ఒక సాయంత్రం పదిహేడో ఫ్లాపీ చదవనని మొరాయించింది. దానిలో ఉన్నది మొత్తం పాటకి మూలమైన డోలక్. మళ్లీ డోలక్ ఆయన్ని పిలిపించాం. ఆయన నవ్వుతూ "ఇదేదో నేనొచ్చి వాయిస్తేనే చవకగా పోయేది కదా" అన్నాడు. తర్వాత స్కజీ జిప్ డ్రైవ్ వచ్చాకగాని ఊపిరాడలేదు.

కొత్త బీట్ · శనివారం ఉదయం 10:40

స్కజీ అంటే ఏంటి సర్? 😅

అది పక్కన పెడితే, నా డౌట్ కూడా ఇక్కడే అడుగుతాను. నేను హైదరాబాద్‌లో బీటెక్ చదువుతున్నాను. నా దగ్గర కోర్గ్ వోల్కా శాంపిల్ అనే చిన్న శాంపిలర్ ఉంది, 2014 నాటి మొదటి మోడల్. మొన్న 37వ నంబర్‌లో ఉన్న క్లాప్ నచ్చక గజ్జెల సౌండ్ పెట్టాను. ఇప్పుడు పాత ప్యాటర్న్‌లన్నింటిలో క్లాప్ పోయి గజ్జెలు మోగుతున్నాయి. సెమిస్టర్ మొదట్లో చేసిన టెక్నో ట్రాక్ కూచిపూడి అయిపోయింది. ఇది కూడా అదే చిట్టా సంగతేనా?

డాలస్ బీట్స్ · శనివారం ఉదయం 11:05

అచ్చంగా అదే. ఖమ్మం తమ్ముడిది కొట్టు ఖాళీ అయింది, నీది కొట్టులో సరుకు మారింది. వోల్కా ప్యాటర్న్‌లో రాసి ఉండేది "37" అని మాత్రమే. 37లో ఏముంటే అది మోగుతుంది. వోల్కాలో ఉన్నవే 100 నంబర్లు, మొత్తం 4 ఎంబీ, అంటే 65 సెకన్లు. అందుకని నంబర్లకి నువ్వే వాడలు కట్టుకో. 0 నుంచి 19 దాకా కిక్కులు, 20 నుంచి 39 దాకా స్నేర్లూ క్లాప్‌లూ, ఇలా. చివరి ఇరవై "ప్రయోగాలకి" వదిలెయ్యి. నచ్చనిదాని మీద కొత్తది ఎక్కించే ముందు ఆ వంద శాంపిళ్ల ఫోల్డర్‌ని తారీఖు వేసి ల్యాప్‌టాప్‌లో దాచు. వంద కలిపి 4 ఎంబీ, ఒక ఫోటో అంత కూడా ఉండదు.

నా దగ్గర మూడు మెషీన్లున్నాయి (ఇంట్లో వాళ్లు ఈ వేదిక చదవరు కాబట్టి చెబుతున్నా). మూడూ ఈ విషయంలో మూడు రకాలు.

ఎంపీసీ వన్‌లో ప్రాజెక్ట్ సేవ్ చేస్తే ఒక ప్రాజెక్ట్ ఫైలు, దాని పక్కనే "ప్రాజెక్ట్‌డేటా" అనే ఫోల్డర్ పుడతాయి. వాడిన శాంపిల్స్ అన్నింటి కాపీ ఆ ఫోల్డర్‌లో పడుతుంది. ఒకే కిక్కు యాభై పాటల్లో వాడితే యాభై కాపీలు. చోటు దండగ అనిపిస్తుంది, కానీ పెళ్లికి కుటుంబం మొత్తాన్నీ ఒకే బస్సులో ఎక్కించినట్టు. ఎవరూ తప్పిపోరు. ఆ రెంటినీ విడదీసి కాపీ చేసినప్పుడే తిప్పలు. ఇంకొకటి, రికార్డు చేసిన శాంపిల్ ముందు ర్యామ్‌లోకే వస్తుంది, ప్రాజెక్ట్ సేవ్ చేయకుండా ఆఫ్ చేస్తే పాత టేపు గారి మద్రాసు కథే.

ఆక్టాట్రాక్ దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. కార్డులో ఒక సెట్, దాంట్లో "ఆడియో పూల్" అని ఉమ్మడి గాదె. ప్రాజెక్టులన్నీ గాదెలోంచి తీసుకుంటాయి, కాపీ చేసుకోవు. చోటు కలిసొస్తుంది, కానీ కంప్యూటర్‌లో ఆ గాదెలో ఫోల్డర్లు అటూ ఇటూ జరిపితే ప్రాజెక్టులు దారి తప్పుతాయి. అందుకని పూర్తయిన పాటకి "కలెక్ట్ శాంపిల్స్" కొట్టి అన్నీ ఆ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోకి తెచ్చుకుంటా. స్లైసులు కోసుకున్న లెక్క వేవ్ ఫైల్లో ఉండదు, పక్కనే అదే పేరుతో ఓ చిన్న ఫైల్లో ఉంటుంది. దాన్ని చెత్త అనుకుని తీసేసి ఒకసారి 64 స్లైసులు మళ్లీ కోశాను.

డిజిటాక్ట్ (మొదటిది) లోపల 1 జీబీ డ్రైవ్, కానీ ఒక ప్రాజెక్టు ఒకసారికి తలకెత్తుకునేది 64 ఎంబీ. అన్నీ మోనో. ఈ ఇరుకే నాకు మంచి అలవాటు నేర్పింది. దేన్నైనా కత్తిరించి, తోక కోసి, మోనో చేసి మరీ ఎక్కిస్తా.

సీమ డప్పు · శనివారం మధ్యాహ్నం 1:20

ఇంతమంది ఇన్ని చెప్పినారు గానీ అసలు ప్రశ్న ఎవురూ అడగలేదే. ఖమ్మం అన్నా, 200 తీసినా జాగా ఎందుకు రాలేదో చూసినావా?

లెక్క వెయ్యి. ఒక్క డప్పు దెబ్బ రెండు సెకన్లు, మోనో, 176 కేబీ. అట్లాంటివి 200 అంటే 35 ఎంబీ. నువ్వు ఎక్కిస్తా ఉండేది పాట ట్రాకు. ఐదు నిమిషాల స్టీరియో ట్రాకు ఒక్కటే 53 ఎంబీ. అంటే 200 మంది కూలోళ్లని పనిలోంచి తీసేసినా ఒక దొర భోజనానికి చాల్లే! నీ మెమరీ తింటా ఉండేది ట్రాకులు. ముప్పై ట్రాకులుంటే 1.6 జీబీ వాటికే పోతాది.

ఖమ్మం ప్యాడ్స్ · శనివారం మధ్యాహ్నం 1:31

అన్నా... చూసిన. ట్రాకులు 33 ఉన్నయ్. అండ్ల సగం పోయినేడాది పాటలు, ఇప్పుడు ఎవ్వలు అడుగుతలేరు. నేను కూలోళ్లను తీసేసిన 🙏

సీమ డప్పు · శనివారం మధ్యాహ్నం 2:05

సరేలే, అందరూ చేసేదే. ట్రాకులు ఒక చిన్న ప్లేయర్లోనో ల్యాప్‌టాప్‌లోనో పెట్టుకుని, ప్యాడ్ మెషీన్లో దెబ్బలూ చిన్న లూపులూ పెట్టుకుంటే బాగుంటాది. ట్రాకు ప్యాడ్ మీదే ఉండాల్నంటే మోనో చెయ్యి, సగానికి పడిపోతాది. పెళ్లి పందిట్లో స్పీకర్లు ఎట్లా మోనోనే.

నాది ఎస్పీ-404 ఎంకే2 శాంపిలర్. 16 ప్రాజెక్టులు, ఒక్కోదాంట్లో 10 బ్యాంకులు, బ్యాంకుకి 16 ప్యాడ్లు. లోపలే 16 జీబీ ఉంటాది, కార్డు బ్యాకప్‌కీ దిగుమతికీ మాత్రమే. దీనికి ముందు ఎస్పీ-404 ఎస్ఎక్స్ ఉండేది నా దగ్గర, బ్యాంకుకి 12 ప్యాడ్లది. దాంట్లో ఏ, బీ బ్యాంకులు లోపల, సీ నుంచి జే దాకా కార్డులో. ఒకసారి కదిరి దగ్గర ప్రోగ్రాంకి పోయినాక తెలిసింది, కార్డు ఇంట్లో ల్యాప్‌టాప్‌లోనే ఉందని. పది బ్యాంకుల్లో రెండే మిగిలినాయి. ఆ రాత్రి 24 ప్యాడ్లతో గంటన్నర ఈడ్చినా.

నేను ఎక్కువగా మావూరి వాయిద్యాలే రికార్డు చేసుకుంటా. డప్పు, ఉరుము. డప్పు సంగతి మీకు తెల్సిందే, మంట కాచినాక ఒక సౌండు, పావుగంట పోతే ఇంకొకటి. కాచిన వెంటనే సిర్రతో ఓ పది దెబ్బలు, సిటికెన పుల్లతో ఓ పది, మెత్తగా గట్టిగా అన్నీ తీసుకోవల్ల. మళ్లా కాచి మళ్లా తీసుకోవల్ల. ఇక్కడే పేర్ల కత మొదలయితాది. ఇరవై దెబ్బలూ "డప్పు 1, డప్పు 2" అని పెడితే రెండు నెల్లకి నీకే తెల్దు. నేను పెట్టేది ఇట్లా: వాయిద్యం, పుల్ల, బలం, వరస. "డప్పు-సిర్ర-గట్టి-03". ఇంగ్లీషు అక్షరాల్లో కుదించి పెడతాననుకో. తెలుగు అక్షరాల పేర్లు పెడితే ఈ మెషీన్లకి అర్థం కావు.

ఉరుముది వేరే పద్ధతి. ఒకపక్క పుల్లతో రాస్తే గుర్రుమని మూల్గుతాది కదా, దానికి దెబ్బ మొదలు తోకా అని ఉండదు. పొడుగ్గా తీసుకుని లూపు పాయింటు వెతుక్కోవల్ల. దాని పేర్లో "లూపు" అని కచ్చితంగా పెడతా. లేకుంటే దెబ్బ అనుకుని మామూలు ప్యాడ్‌కి పెట్టేస్తా.

మాస్ ప్యాక్స్ అడ్డా · శనివారం మధ్యాహ్నం 3:12

బ్రదర్స్ ఇంత కష్టం ఎందుకు. మా దగ్గర 64 జీబీ ఫుల్ ప్యాక్ ఉంది. అన్ని హిట్ సాంగ్స్ కట్స్, తీన్‌మార్, డీజే, భక్తి, అన్నీ. పెన్‌డ్రైవ్‌లో కొరియర్ చేస్తాం. ఇన్‌బాక్స్.

వేదిక నిర్వాహకుడు · శనివారం మధ్యాహ్నం 3:40

పై సభ్యుడికి: సినిమా పాటల కట్స్ అమ్మకం ఇక్కడ కుదరదు. సౌండ్ రికార్డింగ్ మీద హక్కు మన దేశంలో విడుదలైన తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. రెండోసారి పెడితే ఖాతా ఆపేస్తాం. మిగతావారు అసలు విషయంలోకి రండి.

పాత టేపు · శనివారం సాయంత్రం 4:15

హక్కుల సంగతి అలా ఉంచినా, 64 జీబీ ఏం చేసుకుంటాడయ్యా మనిషి? స్టీరియోలో వంద గంటల సరుకు అది. పగలూ రాత్రీ వింటే నాలుగు రోజులు. నేను కెరీర్ మొత్తంలో నమ్ముకున్న శబ్దాలు ఓ మూడు వందలుంటాయి. అందులో డోలక్‌లే నలభై. వాటిలో ఏది ఎక్కడుందో నిద్రలో అడిగినా చెబుతా.

పేర్ల విషయంలో సీమాయన చెప్పినదానికి ఒకటి కలుపుతా. స్వరమున్న శబ్దాలకి, అంటే సన్నాయి బిట్టు, తంబురా, ఫ్లూటు, వీటికి శ్రుతి పేరులోనే ఉండాలి. మాకు "ఐదున్నర" అంటే చాలు, జీ షార్ప్ అని గాయకుడికి అర్థమవుతుంది. "సన్నాయి-5న్నర-120" అంటే శ్రుతి, టెంపో రెండూ తెలుస్తాయి. స్టేజి మీద గాయని "అరశ్రుతి దించండి" అన్నప్పుడు ఏ ఫైలు పనికొస్తుందో పేరు చూసి చెప్పగలగాలి.

మా ఎంపీసీలో పేరుకి 16 అక్షరాలే. ప్రోగ్రాం ఫైలు శబ్దాన్ని పేరుతోనే పట్టుకునేది. తర్వాత ఎవరో కుర్రాడు "పేర్లు అందంగా లేవు" అని ఫ్లాపీల మీద శబ్దాల పేర్లన్నీ మార్చి పెట్టాడు. ప్రోగ్రాం తెరిస్తే ఒక్కటీ దొరకలేదు. పేరు పెట్టేదేదో పురిట్లోనే పెట్టాలి, బారసాల అయ్యాక మార్చకూడదు.

(కొత్త బీట్ అమ్మాయికి: స్కజీ అంటే లావు కేబుల్. అంతకు మించి తెలుసుకోకుండానే నీ జీవితం సుఖంగా గడుస్తుంది.)

గోదారి కీస్ · శనివారం సాయంత్రం 5:00

కీబోర్డు వాళ్ల బాధ కూడా వినండి. నాది యమహా పీఎస్ఆర్-ఎస్ఎక్స్900. ఎక్స్‌పాన్షన్ మెమరీ 1 జీబీ. మొదట్లో నాదస్వరం ప్యాక్ ఒకటి ఎక్కించేను, బ్రహ్మాండం. నెల పోయేక హార్మోనియం ప్యాక్ ఎక్కించేను. నాదస్వరం మాయం! నేనేదో తప్పు నొక్కేననుకుని మళ్లీ నాదస్వరం ఎక్కిస్తే హార్మోనియం పోయింది. ఇలా అటూ ఇటూ నాలుగుసార్లు చేసేనండి, సిగ్గులేకుండా చెబుతున్నాను.

సంగతేంటంటే కొత్తది ఎక్కిస్తే పాతదాని పక్కన కూర్చోదు, పాతదాన్ని లేపేసి కూర్చుంటుంది. కంప్యూటర్‌లో ఎక్స్‌పాన్షన్ మేనేజర్ తెరిచి, కావలసిన ప్యాకులన్నీ కలిపి ఒకే ఇన్‌స్టాల్ ఫైలు చేసుకుని అది ఎక్కించాలి. అంటే అసలు సరుకు కంప్యూటర్‌లో ఉండాలి, కీబోర్డులో ఉండేది దాని అచ్చు మాత్రమే. ల్యాప్‌టాప్ మార్చినప్పుడు ఆ లైబ్రరీ తీసుకెళ్లడం మరిచిపోతే మళ్లీ మొదటికే.

ఖమ్మం ప్యాడ్స్ · శనివారం రాత్రి 8:47

దసరాది లోడ్ అయింది. 11 కిట్లు మాట్లాడుతున్నయ్! పానం లేచొచ్చినట్టయింది. 36 ఫోటోలు చూసుకుంట మూడు కిట్లు మళ్ల కట్టిన. నాలుగోదాని కాడ ఆగిపోయిన. దాంట్ల రెండు ఫైళ్లు ల్యాప్‌టాప్‌ల లేవు, మా కీబోర్డ్ అన్న వాట్సాప్‌ల మళ్ల పంపిండు. ఒకటి తీసుకుంటలేదు, ఫార్మాట్ సరిలేదంటది. ఇంకోటి మార్చి ఎక్కిస్తే దెబ్బ లేటుగ పడ్డట్టు అనిపిస్తది. నా చెయ్యి లేటా, ఫైలు లేటా?

డాలస్ బీట్స్ · శనివారం రాత్రి 9:20

ఫైలే లేటు. వాట్సాప్‌లో ఆడియోగా పంపితే ఫైలుని కుదించెయ్యొచ్చు. "డాక్యుమెంట్"గా పంపమను, ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఆయన దగ్గరే ఎంపీ3గా ఉంటే అది ఇంకో తిప్ప. ఎంపీ3 చేసేటప్పుడు మొదట్లో కొంచెం ఖాళీ చేరుతుంది, విప్పాక మామూలుగా 25 మిల్లీసెకన్ల దాకా. పాట వినేవాడికి తేడా తెలియదు. ప్యాడ్ కొట్టేవాడికి తెలుస్తుంది, లూపు అయితే ప్రతి చుట్టులోనూ తడబడుతుంది. ఆడాసిటీలో (సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) తెరిచి దగ్గరికి జూమ్ చేసి చూడు, దెబ్బకి ముందు చదునైన గీత కనిపిస్తుంది. అది కోసెయ్యి.

తీసుకోనంటున్నది బహుశా 48 కిలోహెర్ట్జ్ అయి ఉంటుంది. నీ మెషీన్ పెన్‌డ్రైవ్ నుంచి తీసుకోవాలంటే వేవ్ ఫైలు 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ ఉండాలి. ఆడాసిటీలోనే ఆ కొలతకి ఎక్స్‌పోర్ట్ చెయ్యి. ఫైలు హెడర్‌లో అంకె ఒక్కటే మార్చే అడ్డదారి ఎవరైనా చెబితే వినకు. అలా చేస్తే దాదాపు స్వరంన్నర... కాదు, సెమీటోన్‌న్నర కిందికి దిగి నెమ్మదిగా మోగుతుంది.

పాత టేపు · శనివారం రాత్రి 9:28

"ముప్పావు స్వరం" అనవయ్యా. ఇంజనీర్లకి శ్రుతి లెక్కలు రావు.

కొత్త బీట్ · శనివారం రాత్రి 10:11

మ్యాక్ వాడేవాళ్లకి నాదొక చిన్న చిట్కా, ఇన్ని రోజుల్లో నేను నేర్చుకున్నది ఇదొక్కటే. పెన్‌డ్రైవ్‌లో కాపీ చేస్తే చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే దొంగ ఫైళ్లు కూడా పడతాయి. మ్యాక్‌లో కనపడవు. మా ఫ్రెండ్ శాంపిలర్‌లో మాత్రం ప్రతి శాంపిల్‌కీ ఒక కవల కనిపించేది, అది నొక్కితే ఏదీ మోగదు. వాడు శాంపిలర్ పాడైందని సర్వీస్‌కి ఇవ్వబోయాడు.

అలాగే ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా వచ్చే 1 టీబీ కార్డులు కొనకండి. పైన 1 టీబీ అని రాసి ఉంటుంది, లోపల అంత ఉండదు. కొన్న వెంటనే విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్‌లో ఎఫ్3 పెట్టి నిండా రాయించి చూస్తే బండారం బయటపడుతుంది.

గోదారి కీస్ · ఆదివారం ఉదయం 7:05

ఖమ్మం తమ్ముడూ, ఇవాళ ప్రోగ్రాం కదా. రెండు పెన్‌డ్రైవ్‌లూ జేబులో వేసుకెళ్లు. రెండూ ఒకే పెట్టెలో పెట్టకు, పెట్టె ఆటోలో మరిచిపోతే రెండూ పోతాయి. ఎస్పీడీ-20 ఉందన్నావుగా, దాన్నీ బండిలో వేసుకో.

ఖమ్మం ప్యాడ్స్ · సోమవారం మధ్యాహ్నం 12:50

ప్రోగ్రాం మంచిగ అయింది అన్నలూ. ఎస్పీడీ-20 పట్కపోయిన గని సంచిలోంచి తియ్యలే. బరాత్‌ల తీన్‌మార్ ముప్పావు గంట ఆపనియ్యలే. మళ్ల కట్టిన కిట్లల్ల ఒకదాంట్ల మాత్రం కంజీర ప్యాడ్ వాల్యూం చూసుకోలే, గాయకుడు పల్లవి ఎత్తుకోంగనే నెత్తి మీద పిడుగు పడ్డట్టు మోగింది. ఆయన నా దిక్కు చూసిన చూపు ఇప్పటికీ యాదికొస్తుంది. ఆ ప్యాడ్ ఫోటో మసకగ వచ్చింది, అదీ సంగతి.

ఇయ్యాల పొద్దున్నుంచి కూసొని ట్రాకులు 19 తీసేసిన. తీసే ముందు ల్యాప్‌టాప్‌ల ఉన్నయో లేవో చూసుకున్న. ఒక గీతల నోటుబుక్కు కొని కిట్‌కు ఒక పేజీ పెట్టి తొమ్మిది ప్యాడ్లకు తొమ్మిది గీతలు రాస్తున్న. మా చిన్నోడు "డాడీ హోంవర్క్ రాస్తుండు" అని పక్కింట్ల చెప్పిండు.

దసరాది లోడ్ కొట్టినప్పుడు ఆ 200 పేర్లు కూడ తిరిగొచ్చినయ్ గదా, ఒక్కొక్కటి విని పేరు పెట్టుకుంట పోతున్న. "రెక్ 014" తీన్‌మార్ డప్పు, నాలుగు కిట్లల్ల ఉన్నది అదే. "న్యూ 3" ఓ పిల్లనగ్రోవి. "ఆడియో 2" ఏందా అని వింటే ఏదో ప్రోగ్రాంల టెంట్‌హౌస్ జనరేటర్ చప్పుడు, 40 సెకన్లు. నేనెప్పుడు రికార్డు చేసిన్నో దేవునికే ఎరుక. కిట్లన్నీ చూసి, యాడ లేదని నోటుబుక్కుల చూసుకున్నంకనే తీసేసిన.

కొత్త బీట్ · సోమవారం మధ్యాహ్నం 1:04

అయ్యో తీసేశారా! దసరా పెన్‌డ్రైవ్‌లో ఇంకా ఉంటుంది కదా అన్నా, ఆ జనరేటర్ నాకు పంపండి ప్లీజ్. బేస్‌లైన్ చేస్తాను. డాక్యుమెంట్‌గా పంపండి.